మందు కొట్టని కూరలు

డయాలసిస్ మంచం మీద పడుకుని, కుడి చేత్తో ఇది రాస్తున్నాను. ఎడమ చేతికి రెండు సూదులు, వాటికి గొట్టాలు. నాలుగు గంటలు ఆ చేయి కదపకూడదు. వారానికి మూడు రోజులు ఇట్లా పడుకోవడం మొదలై ఏడాది దాటింది. ప్రమాదం గడిచిందని డాక్టర్లు అంటున్నారు. జబ్బు మాత్రం గడిచిపోయే రకం కాదు. అది నాతోనే ఉంటుంది.

ఇంట్లో జబ్బు మనిషి ఉండి, వాళ్లకు మంచి తిండి పెట్టాలని ఆరాటపడే వాళ్లు ఎవరైనా ఇది చదివితే చాలు. మా ఆయన అట్లాంటి మనిషే. ఆయన ఆరాటమూ, నేను నోరు విప్పకపోవడమూ కలిసి నన్ను చావు దాకా తీసుకుపోయాయి.

నా పేరు రమాదేవి. కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేదాన్ని. మా ఆయన ఓబులేసు బస్సు డ్రైవరు. మాకు ఒక్కతే కూతురు, చందన. ఇంటర్ చదువుతోంది.

పోయిన ఏడాది జనవరిలో ఒక పొద్దున చందన నన్ను చూసి బెదిరిపోయింది. "అమ్మా, నీ కండ్లు చూడు, మూసుకపోయినాయి" అంది. అద్దంలో చూసుకుంటే మొహం ఉబ్బి ఉంది. నిద్ర చాలకేమో అనుకుని స్కూలుకు పోయాను. నాలుగు రోజులకు చెప్పులు పట్టలేదు. పాదం మీద వేలు పెట్టి నొక్కితే పడిన గుంట అట్లాగే ఉండిపోయింది. ఆసుపత్రికి పోతే డాక్టరు పరీక్షలు చేయించాడు. రెండు కిడ్నీలూ సగానికి పైగా దెబ్బతిన్నాయని, ఎప్పటినుంచో బీపీ ఉండి ఉంటుందని, నాకు తెలియలేదని చెప్పాడు. ఆ నెలలోనే నేను పిల్లలకు విసర్జన వ్యవస్థ పాఠం చెప్పాను. బోర్డు మీద చిక్కుడు గింజల్లాంటి రెండు బొమ్మలు గీసి, ఇవి ఆగిపోతే ఏమవుతుందో చెప్పండి అని అడిగాను. ముందు వరసలో ఒక పాప లేచి, "సచ్చిపోతారు మిస్" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆసుపత్రి బయట వేపచెట్టు కింద మా ఆయన ఆగాడు.

"ఎట్ల పోతాయి కిడ్నీలు? మనమేం తప్పు చేసినాం? అంతా ఆ మందు కొట్టిన కూరల వల్లే" అన్నాడు.

"బీపీ వల్ల అని చెప్పినాడు కదా డాక్టరు" అన్నాను.

"బీపీ మాత్రం యాడ్నుంచి వచ్చాది? తిండిలోనుంచే కదా."

ఆ పట్టుదలకు ఒక కారణం ఉంది. మా ఆయన వాళ్లది మైదుకూరు దగ్గర పల్లె. డ్రైవరు ఉద్యోగం రాకముందు వాళ్ల నాయనతో కలిసి వంగ, మిరప పండించేవాడు. వీపున స్ప్రేయరు డబ్బా కట్టుకుని మందు కొట్టేవాడు. సాయంత్రం మందు కొట్టిన వంకాయలను తెల్లవారి కోసి కడప మార్కెట్టుకు పంపిన రోజులు ఉన్నాయని నాకు పెళ్లయిన కొత్తలో చెప్పాడు. ఆ చెట్టు కింద ఆ సంగతి మళ్లీ ఎత్తాడు. "నేను కొట్టిన మందు ఎందరు తిన్యారో. ఇప్పుడు నా ఇంటికే వచ్చింది" అన్నాడు. అది నిజం కాదని నాకు తెలుసు. కానీ ఆయన ముఖం చూశాక వాదించలేకపోయాను.

ఫిబ్రవరిలో మా మిద్దె తోటగా మారిపోయింది. ఖాళీ పెయింటు డబ్బాలు, పాత సిమెంటు సంచులు, పండ్ల అంగట్లో పారేసిన థర్మకోల్ పెట్టెలు, ఏది దొరికితే అది పైకి ఎక్కించాడు. ఎర్రమట్టిలో పశువుల ఎరువు, వేపపిండి కలిపాడు. మూలన ఒక నీలం డ్రమ్ములో పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు చెరువు మట్టి వేసి జీవామృతం కలిపి, పొద్దునా సాయంత్రం కట్టెతో తిప్పేవాడు. ఆ వాసనకు పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. మొక్కల మొదళ్లలో తేమ ఆరకుండా వేరుశనగ పొట్టు పరిచాడు. ఎండ ముదిరేలోగా పైన ఆకుపచ్చ వల కట్టాడు. టమోటాకు పిండినల్లి పట్టుకుంటే పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్క కొమ్మనూ తోమాడు. బస్సు డ్యూటీ చేసి ఇంటికి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా పైకి పోయేవాడు.

మార్చి మధ్యలో మొదటిసారి కూర కోశాడు. తోటకూర, పాలకూర, నాలుగు చుక్కకూర కట్టలు. చాటలో పెట్టుకుని మెట్లు దిగివచ్చి నా ముందు పెట్టాడు.

"చూడు రమా. మందు చుక్క పడలా. నువ్వు కడక్కుండా తినొచ్చు దీన్ని."

జబ్బు బయటపడినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. ఆసుపత్రిలో నాకు ఒక కాగితం ఇచ్చారు, ఏం తినాలో, ఏం తినకూడదో రాసి. అది ఇంగ్లీషులో ఉంది. మా ఆయన దాన్ని మడిచి ఫైల్లో పెట్టాడు. నేను చదివాను. తినకూడనివాటి వరసలో పాలకూర, తోటకూర, టమోటా, మునగాకు, కొబ్బరినీళ్లు ఉన్నాయి. వాటిలో పొటాషియం ఎక్కువ. మంచి కిడ్నీ ఉన్నవాళ్లకు అది మేలే చేస్తుంది. చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. పాఠం చెప్పేదాన్ని, ఇది నాకు అర్థం కాక కాదు.

అయినా చెప్పలేదు. ఆయన నవ్వు చూసి చెప్పలేకపోయాను. కొంచెం తింటే ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ కాగితంలో ఉన్నది బయట కొన్న కూరల గురించేమో, ఇంట్లో ఇంత శుద్ధంగా పండింది ఏం చేస్తుందిలే అని నాలో నేనే నమ్మించుకున్నాను. మందు వేయకుండా పండించినా పాలకూర పాలకూరే. అందులో ఉండేది ఉంటుంది. పిల్లలు పరీక్షలో ఇట్లా రాసి ఉంటే సున్నా వేసేదాన్ని.

కొంచెం అన్నది కొంచెంగా ఆగలేదు. పొద్దున టమోటా రసం. మధ్యాహ్నం ఆకుకూర పప్పు. సాయంత్రం మునగాకు కాచిన నీళ్లు. ఎండలు ముదిరాక డ్యూటీ నుంచి వస్తూ కొబ్బరిబోండం తెచ్చేవాడు. నేను వద్దంటే చిన్నబుచ్చుకునేవాడు. చందన మాత్రం ఒకసారి, "డాక్టర్ను అడిగినావా నాయనా ఇవన్నీ పెట్టొచ్చా అని?" అంది. "ఆకుకూర తినొద్దని యా డాక్టరు చెప్తాడు పాపా?" అన్నాడు. పాప నా వైపు చూసింది. నేను పప్పులో అన్నం కలుపుకుంటున్నాను.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. మధ్యాహ్నం గోంగూర పప్పు, టమోటా కూరతో అన్నం తిన్నాను. కంచం తీద్దామని లేస్తే కాళ్లు లేవలేదు. తిమ్మిరి అనుకున్నాను. గోడ పట్టుకుంటే చేతికి గోడ తగిలినట్టు తెలియలేదు. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు అయింది. గుండె కొట్టుకుంటోంది, తర్వాత ఒక ఖాళీ, మళ్లీ ఒకసారి కొట్టుకుంటోంది. ఆ ఖాళీ ఎంత పొడుగ్గా ఉండేదంటే, ఇక కొట్టుకోదేమో అని నేను ఎదురుచూస్తున్నాను. భయం కూడా వేయలేదు. ఎదురుచూడటమే. "నాయనా" అని చందన అరిచిన అరుపు మాత్రం గుర్తుంది.

ఆ తర్వాత జరిగింది చందన చెబితే తెలిసిందే. ఐసీయూ బయట ఒక చిన్న వయసు డాక్టరమ్మ మా ఆయనను నిలబెట్టి అడిగిందట.

"ఈ మధ్య ఏం తినింది ఆమె?"

"అన్నీ మంచియే పెట్టినా మేడం. మా మిద్దె మీద పండించిందే. ఆకుకూరలు, టమోటాలు, మునగాకు. మందు చుక్క కొట్టలేదు. జీవామృతం పోసి పెంచినా."

ఆమె రాసుకోవడం ఆపిందట. తర్వాత మెల్లగా, "అవే అయ్యా ప్రాణం మీదికి తెచ్చింది" అని, ఎందుకో ఆయనకు అర్థమయ్యేట్టు విడమరిచి చెప్పిందట. ఆయనను తిట్టలేదు. అక్కడున్న కుర్చీ లాగి కూర్చోబెట్టి నీళ్లు తెప్పించిందట. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత వేరే ఊరికి వెళ్లిపోయింది.

మెడలో గొట్టం వేసి నాకు మొదటి డయాలసిస్ చేశారు. మిగిలిన ఆ కొంచెం కిడ్నీ పని కూడా ఆ వారంతో ఆగిపోయింది. ఏదో ఒక రోజు ఆగేదేనని, ఇంకా కొన్నాళ్లు లాగేదేమోనని అన్నారు. ఎన్నాళ్లు అని నేను అడగలేదు.

తొమ్మిది రోజులకు ఇంటికి వచ్చాను. రెండు రోజులకు ఓపిక చేసుకుని మెట్లెక్కాను. మిద్దె బోడిగా ఉంది. డబ్బాలు బోర్లించి ఉన్నాయి. పెరికిన మొక్కలు ఒక మూలన ఎండి గలగలమంటున్నాయి. నేను ఐసీయూలో ఉన్న రెండో రోజు ఇంటికి వచ్చి అన్నీ పెరికేశాడట. చందన ఆపబోతే దాన్ని పక్కకు తోశాడట. కూతురి మీద చేయి చేసుకోవడం అదొక్కసారే.

ఆ నెల ఆయన నాతో మాట్లాడలేదు. ఆసుపత్రికి తీసుకుపోయేవాడు, తెచ్చేవాడు, మాత్రలు లెక్కగా చేతిలో పెట్టేవాడు. నా దగ్గర కూర్చుని తినడం మానేశాడు. వంటింట్లో నిలబడి గబగబా నాలుగు ముద్దలు మింగి పోయేవాడు. డ్యూటీకి సెలవు పెట్టాడు. ఒక మధ్యాహ్నం పెరట్లో ఆయన తలను గోడకు ఆనించి నిలబడి ఉండటం చూశాను. ఇక నా వల్ల కాలేదు. పిలిచి, ఫైల్లోంచి ఆ కాగితం తీసి చేతికిచ్చాను.

"నాకు ముందే తెలుసు" అన్నాను. "జనవరిలోనే చదివినా. నువ్వు బాధ పడతావని చెప్పలేదు."

ఆయన కాగితం వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"తెలిసే తిన్యావా?"

"తెలిసే."

"రోజూ?"

నేను తలూపాను.

"అంటే నా చేత్తోనే నిన్ను చంపిచ్చుకుంటాంటివా? నేను బాధ పడతానని నన్ను చంపినోన్ని చేచ్చాంటివా?" ఆయన గొంతు పెద్దగా లేదు. "నువ్వు పోయింటే నేను పాపకు ఏం చెప్పాల రమా?"

ఆయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఇంక రాడేమో అనిపించింది. చీకటి పడేలోపు వచ్చాడు. స్నానం చేసి, కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఉప్పు లేని నా కూరే ఆయనా వేసుకున్నాడు.

ఆ ఎండాకాలం గురించి ఏం రాయను? కడప ఎండలో మనిషికి బిందెడు నీళ్లు తాగాలనిపిస్తుంది. తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది కాబట్టి డయాలసిస్ మనిషికి రోజుకు కొలత పెట్టి ఇస్తారు. ఆ నీళ్లలోనే మాత్రలు, ఆ నీళ్లలోనే కాఫీ. మధ్యాహ్నానికి నాలుక అట్టలా అయ్యేది. ఐసుముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని అది కరిగిపోకుండా చూసుకునేదాన్ని. నీళ్ల కుండ నా కంటపడకుండా పక్కింట్లో పెట్టారు. మా ఆయన, చందన దాహమైతే అక్కడికి పోయి తాగి, మూతి తుడుచుకుని వచ్చేవాళ్లు. వాళ్లు తుడుచుకుని వస్తారని నాకు తెలుసని వాళ్లకు తెలియదు.

ఆసుపత్రి వరండాలో మా వంతు కోసం బెంచీల మీద కూర్చునేవాళ్లం. నా పక్కన ఎప్పుడూ మస్తాన్‌బీ ఉండేది. ప్రొద్దుటూరు ఆమె. చీరలకు ఫాల్స్ కుట్టేది. నా కంటే పదేళ్లు పెద్ద, డయాలసిస్ మిషను మీద మూడేళ్ల అనుభవం. మెడ గొట్టం బదులు చేతికి సూదులు వేసేందుకు ఆపరేషను చేసిన రోజు నేను ఏడుస్తుంటే తన కొంగుతో నా మొహం తుడిచింది.

"ఏడిస్తే నీళ్లు పోతాయి లేమ్మా టీచరమ్మా, మంచిదే. మనకు నీళ్లు పోవాల గదా" అంది. ఏడుపులోనే నవ్వు వచ్చింది.

నా కథంతా ఆమెకు చెప్పాను. చాలాసేపు విని, "మీ ఆయనకు కూరలు పండించడం వచ్చు. వండటం రాదు. దానికి చెట్లు పెరికితే ఎట్లా?" అంది. తర్వాతి వారం మా ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"చూడప్పా, సొరకాయ, బీరకాయ, క్యాబేజీ మన డాక్టర్లు తినమంటారు. తొక్క తీసి సన్నగా కోసి గోరువెచ్చని నీళ్లలో నానేయల్ల. మనకు పడనిది ఆ నీళ్లలోకి దిగుతాది, వాటిని పారబొయ్యల్ల. మల్లా శానా నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు గూడా పారబొయ్యల్ల."

"ఇంక దాంట్లో ఏముంటాది పెద్దమ్మా? చప్పగా ఉంటాది" అన్నాడు మా ఆయన.

"మనిషి ఉంటాది" అంది మస్తాన్‌బీ.

వర్షాలు మొదలయ్యాక ఒక రోజు పాత జాకెట్టు గుడ్డలో మూటగట్టి సొర విత్తనాలు తెచ్చి ఇచ్చింది. మా ఆయన జేబులో వేసుకున్నాడు. నెల రోజులు ఆ జేబులోంచి ఈ జేబులోకి మారాయే తప్ప మట్టిలో పడలేదు. భయం. నాకూ భయమే. ఇద్దరం మిద్దె వైపు పోయేవాళ్లం కాదు.

సెప్టెంబరులో ఒక సోమవారం మస్తాన్‌బీ రాలేదు. ఊరికి పోయిందేమో అనుకున్నాను. బుధవారం ఆమె మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. నర్సును అడిగితే దుప్పటి సర్దుతూ, "ఆదివారం అక్కా. ఇంట్లోనే" అంది. ఆ నాలుగు గంటలూ నేను పైకప్పు చూస్తూ ఉన్నాను. ఇక్కడ ఎవరికీ ఎవరిదీ పూర్తి చిరునామా తెలియదు. ఎవరి ఇంటికి పోయి ఏడవాలో తెలియదు.

ఆ సాయంత్రమే మా ఆయన మిద్దె ఎక్కాడు. బోర్లించిన డబ్బాల్లో పెద్దవి రెండు తిప్పి, పాత మట్టి దులిపి, ఎరువు కలిపి ఆ గింజలు పెట్టాడు. నేను మెట్ల మీద కూర్చుని చూశాను. ఏం పెట్టాలన్నా ముందు డాక్టరును అడగడం అప్పటినుంచి మొదలైంది. ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకుంటాడు. నన్నూ అడుగుతాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మా ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం అదొక్కటే.

తోట ఇప్పుడు మళ్లీ ఉంది. మునుపటంత లేదు. ఆకుకూరలు చందన కోసం, ఆయన కోసం. పాపకు రక్తం తక్కువని తేలితే పాలకూర మళ్లీ వేశాడు. నా ముందు దాన్ని వండరు. నాకు సొర, బీర. మా అక్క కిడ్నీ ఇస్తానని ముందుకు వచ్చింది కానీ ఆమెకు షుగరు ఉందని పనికిరాలేదు. మా ఆయనది నా రక్తం గ్రూపు కాదు. కిడ్నీ కావాల్సినవాళ్ల జాబితాలో నా పేరు ఉంది. ఎదురుచూడటమే. స్కూలు మానేశాను. కొన్ని రోజులు బాగుంటాను. కొన్ని రోజులు మంచం దిగలేను. ఈ జబ్బు నాకు ఏదో నేర్పిందని, మంచే చేసిందని చెప్పే ఉద్దేశం లేదు. చాలా తీసుకుపోయింది. నాలాంటి వాళ్లకు ఒక్క మాట: పండించండి, మందులు కొట్టకుండానే పండించండి, కానీ మీ జబ్బుకు ఏది పడుతుందో మీ డాక్టరును అడిగి పెట్టండి. తెలిసిన మాట దాచుకోకండి, ఎదుటివాళ్ల నవ్వు కోసం కూడా.

ఇది రాస్తుండగానే బయట వరండాలో మా ఆయన గొంతు వినిపిస్తోంది. పొద్దున ఒక కొత్త పేషెంటు వచ్చాడు, జమ్మలమడుగు వైపు రైతు. ఆ రైతు భార్య చేతిలో స్టీలు క్యారియరు ఉంది. మొదటి రోజు కదా, మొగుడికి బలం రావాలని గోంగూర పప్పు చేసి తెచ్చిందట. తలుపు ఓరగా తెరిచి ఉంది. అంతా వినిపిస్తోంది.

"ఈడ కూచ్చో అక్కా" అంటున్నాడు. "అది మూత పెట్టు. పెట్టేముందు లోపల సిస్టర్ను అడుగు."

"మా చేన్లోదే అన్నా. మందు కొట్టింది కాదు" అంది ఆమె.

ఏడాదిగా ఆయన ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. మా బంధువులు అడిగినా మాట తప్పించేవాడు.

"నేనూ అట్లే పెట్టినా అక్కా నా భార్యకు" అన్నాడు. "మిద్దె మీద పండించి పెట్టినా. నా చేతులారా చంపబోయినా. లోపలుండాది, చూడు, మూడో మంచం."

తలుపు సందులోంచి ఆమె తొంగిచూసింది. నేను కుడి చేయి ఎత్తాను.

"ఇప్పుడేం పెడతావన్నా?" అని ఆమె అడిగింది.

"సొరకాయ. నీళ్లు వంపేసి."

"తింటాదా?"

"రుచి ల్యాదంటాది" అన్నాడు మా ఆయన. "తింటాది."

నాకు నవ్వు వచ్చి ఎడమ చేయి కదిలింది. మిషను కూత పెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి, కదలొద్దక్కా అని కసిరి, సూదులు సరిచూసి పోయింది. ఇంకా గంటన్నర ఉంది.